ఫోటో చెప్పే మాట: మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దల భద్రత

వయసు పైబడ్డాక తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలే. కాని తాళంచెవి దేనికో తెలియకపోవడం, తన ఇంట్లోనే ఉండి "మా ఇంటికి వెళ్లిపోతాను" అనడం మామూలు కాదు. ఇది డిమెన్షియా కావచ్చు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 7గురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ జబ్బుతో ఉన్నారు.

వీరిలో చాలామంది తమ ఇబ్బందిని మాటల్లో సరిగా చెప్పలేరు. రాత్రి మరుగుదొడ్డికి ఎందుకు వెళ్లరో, గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతారో మనకు తెలియక "మొండితనం" అంటాం. ఇలాంటప్పుడు ఫోటో ఉపయోగపడుతుంది.

1990లలో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనేవారు చైనాలోని యునాన్ రాష్ట్రంలో పల్లె స్త్రీలకు కెమెరాలు ఇచ్చి, తమ జీవితాన్ని తామే ఫోటో తీసి వివరించమన్నారు. తరువాత అనేక దేశాల్లో డిమెన్షియా ఉన్నవారితోను, వారి కుటుంబాలతోను ఈ పద్ధతి వాడారు. సెల్‌ఫోన్ ఉంటే మన ఇంట్లోనూ చేయవచ్చు.

చేసే విధానం:

1. పెద్దవారి అనుమతి అడగండి. జబ్బు తొలిదశలో ఉంటే ఫోను వారి చేతికే ఇచ్చి, "మీకు ఇష్టమైన చోటు, భయం వేసే చోటు తీయండి" అనండి.

2. వారు తీయలేకపోతే, వారు కూర్చొనే ఎత్తులో, నడిచే దారిలో, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి మీరు తీయండి.

3. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. "ఇక్కడ ఏమి కనబడుతోంది?" అని వారినే ముందు అడగండి. తప్పు దిద్దకండి.

4. ఒక్కొక్క ఫోటోకు ఒక్క మార్పు చేయండి.

డిమెన్షియాలో లోతు, రంగుల తేడా గుర్తించే శక్తి తగ్గవచ్చు. గుమ్మం ముందున్న నల్ల పట్టా గొయ్యిలా, మెరిసే గచ్చు నీళ్లలా కనబడవచ్చు. పట్టా తీసేస్తే, రాత్రి చిన్న బల్బు వెలిగిస్తే వారు ధైర్యంగా నడవవచ్చు. మన కోనసీమలో ఇంటి పక్కనే కాలువ, పెరట్లో నుయ్యి, కొబ్బరి తోటలో చెరువు ఉంటాయి. పాచి పట్టిన రేవు మెట్లు, గడియ లేని దడి తలుపు తప్పక ఫోటో తీసి, వెంటనే సరిచేయండి.

ఇష్టమైన చోట్లనూ మరువకండి. వీధి అరుగు మీద కూర్చోవడం వారికి ఊరటైతే, భద్రత పేరుతో దాన్ని తీసివేయకండి. రాత్రింబవళ్లు చూసుకొనే కోడలు లేక కుమార్తె కూడా తన రోజును ఫోటో తీసి చూపాలి. ఆమెకు నిద్ర ఎక్కడ తగ్గుతోందో మిగతావారికి అప్పుడు తెలుస్తుంది.

స్నానం చేసేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఫోటో తీయకూడదు. వాట్సాప్‌లో పెట్టకూడదు. వారు విసుగు పడితే ఆపేయండి.

ఇటీవలి ముఖచిత్రం ఒకటి ఫోనులో ఉంచుకోండి. పెద్దవారు కనబడకపోతే ముందు నీటి గట్లు వెదకండి. ఆలస్యం చేయక 112కు ఫోను చేసి ఆ ఫోటో పోలీసువారికి ఇవ్వండి. వృద్ధుల సహాయానికి 14567 కూడా ఉంది.

మతిమరుపు మొదలైతే వైద్యుని చూడండి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మరుపు చికిత్సతో తగ్గవచ్చు. వచ్చేటప్పుడు మీరు తీసిన ఫోటోలు వెంట తెండి. ఇంట్లో జరిగేది వైద్యునికి అవి చూపిస్తాయి.