వీడియో మీటింగులో అన్న మాట పనిగా మారాలంటే



ప్రతి సంవత్సరం ఈ సంచికలో స్కాలర్‌షిప్పు పొందినవారి పట్టిక చూస్తుంటారు. ఆ పట్టిక వెనుక జరిగే పని గురించి ఈసారి రాయమని కార్యవర్గం వారు నన్ను కోరారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ని కాను. బి.కాం. పూర్తి చేసి 1983లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, 2020లో రిటైరయ్యాను. ఇక్కడ రాసేదంతా ఒక తప్పు చేశాక నేర్చుకున్నదే. కాబట్టి ముందు ఆ తప్పు చెబుతాను.

మన కార్యవర్గ సభ్యులు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళలో ఉన్నారు. ఇదివరకు సమావేశమంటే అందరం బస్సెక్కి ఒక ఊరు చేరేవాళ్ళం. 2020లో కరోనా వచ్చాక ఫోనులోనే వీడియో మీటింగులు మొదలయ్యాయి. 2021లో ఒక ఆదివారం మీటింగులో, బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లె అమ్మాయికి డిగ్రీ మొదటి సంవత్సరం ఫీజు శుక్రవారం లోపల కట్టాలని తీర్మానించాం. సరిగ్గా అప్పుడే కోశాధికారి గారికి నెట్‌వర్కు పోయింది. ఆయన విన్నారని నేననుకున్నాను. ఏమైనా ఉంటే నేను రాసి పంపుతానని ఆయన అనుకున్నారు. తీర్మానం నా నోటు పుస్తకంలో చక్కగా ఉంది, పుస్తకం నా బీరువాలో ఉంది.

శుక్రవారం దాటిపోయింది. ఆ అమ్మాయి తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి, జరిమానాతో సహా ఫీజు కట్టాడు. తర్వాత మేము డబ్బు ఇచ్చాం, క్షమించమని అడిగాం. “మీరు మరిచిపోయినారేమో అనుకొంటిమి సార్, అడిగేదానికి మొగమాటమాయె” అన్నాడాయన. 37 ఏళ్ళు బ్యాంకులో లెక్కలు రాసిన నాకు ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటుంది.

బ్యాంకులో మాకు మొదటి రోజునే నేర్పిన పాఠం ఒకటుంది. వోచరు లేనిదే ఎంట్రీ లేదు. ఒకరు రాస్తారు, ఇంకొకరు సరిచూసి ఇనీషియల్ వేస్తారు. అప్పుడే అది లెక్క అవుతుంది. బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చినప్పుడు మా ఉద్యోగాలు పోతాయని భయపడ్డాం. తీరా కంప్యూటర్లు వచ్చాక చూస్తే, కూడికలు, నకళ్ళు యంత్రం చేసింది, సరిచూసే బాధ్యత మాత్రం మనిషి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మన మీటింగులకూ ఆ పద్ధతే పెట్టుకున్నాం. నకలు తీయడం, గుర్తు చేయడం యంత్రం పని. సరి అనడం మనిషి పని.

ఎలా చేశామో వరుసగా చెబుతాను. అన్నీ ఉచిత గూగుల్ ఖాతాతో జరిగేవే.

మొదటి మెట్టు: గూగుల్ క్యాలెండరులో ప్రతి నెల మొదటి ఆదివారానికి మీటింగు ఒకసారి పెట్టి, ప్రతి నెలా తిరిగి వచ్చేలా చేశాం. అందులోనే గూగుల్ మీట్ లింకు ఉంటుంది. కనుక ప్రతిసారీ లింకు వెతికి పంపే పని లేదు. ముగ్గురు, అంతకన్న ఎక్కువమంది చేరితే ఉచిత ఖాతాకు 60 నిమిషాలే సమయం. జూమ్‌లో అయితే 40 నిమిషాలు. మాట పొదుపుగా వాడడానికి ఇదీ మంచిదే.

రెండవ మెట్టు: మినిట్స్ కోసం ఒక గూగుల్ డాక్ తెరిచాం. అందులో @ గుర్తు కొట్టి మీటింగ్ నోట్స్ అనేదాన్ని ఎంచుకొని, క్యాలెండరులోని మీటింగును చూపిస్తే తేదీ, పేరు, పిలిచినవారి వివరాలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

మూడవ మెట్టు, అసలైనది: తీర్మానం కోసం ఒక గూగుల్ ఫారం తయారు చేశాం. దానిలో నాలుగే ప్రశ్నలు. ఏమి తీర్మానించాం? మొత్తం ఎంత? ఎవరు చేయాలి? ఏ తేదీ లోపల? ఇదే మా వోచరు. తీర్మానం జరిగిన వెంటనే, మీటింగు ముగియకముందే, నేను స్క్రీన్ అందరికీ చూపిస్తూ దీన్ని నింపి, పైకి చదివి వినిపిస్తాను. సబ్మిట్ నొక్కగానే అది ఒక గూగుల్ షీటులో వరుసగా పడుతుంది, సమయంతో సహా.

నాలుగవ మెట్టు: ఆ షీటుకు ఒక చిన్న ప్రోగ్రాము జోడించాం. షీటులోని ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ అని ఉంటుంది. మన సాయంతో చదువుకున్న ఒక కుర్రవాడు రెండు సాయంత్రాలు కూర్చుని అది రాసిచ్చాడు. అందులో ట్రిగ్గర్లు రెండు. ట్రిగ్గరంటే, ఇది జరిగితే అది చెయ్యి అని యంత్రానికి ముందే చెప్పి పెట్టడం. ఫారం చేరగానే మొదటి ట్రిగ్గరు ఆ తీర్మానాన్ని మినిట్స్ డాక్‌లో చేర్చి, సభ్యులందరికీ మెయిలు పంపుతుంది. నెట్‌వర్కు పోయినవారికి కూడా మాట అందుతుంది. రెండవది ప్రతి రోజు ఉదయం 7, 8 గంటల మధ్య షీటును చూస్తుంది. గడువు 3 రోజుల్లో ఉండి, పని ముగిసినట్టు గుర్తు లేకపోతే, చేయవలసినవారికీ నాకూ గుర్తు చేస్తుంది. ఉచిత ఖాతాలో స్క్రిప్టు రోజుకు 100 మందికి మించి మెయిళ్ళు పంపలేదు. మనకు అది చాలు.

ఐదవ మెట్టు, ఇనీషియల్: షీటులో “సరి” అని ఒక టిక్కు గడి ఉంది. ఫారం నింపిన నేను అందులో టిక్కు పెట్టకూడదు. చింతామణిలోని సభ్యులొకరు మొత్తం, తేదీ చూసి టిక్కు పెడతారు. ఆ టిక్కు లేనిదే కోశాధికారి గారు డబ్బు కదిలించరు. మరునాటికీ టిక్కు పడకపోతే మా ఇద్దరికీ మెయిలు వస్తుంది.

“మీటింగులో మాటలన్నీ యంత్రమే విని రాసే సదుపాయం వచ్చింది కదా, ఈ ఫారం ఎందుకు?” అని అడగవచ్చు. అదీ ఒకసారి వాడి చూశాం. మన మాట సగం తెలుగు, కొంత కన్నడ, ఫీజు, సీటు వంటి మాటలన్నీ ఇంగ్లీషు. పదిహేను వేలు అన్నది పదిహేడు వేలుగా వచ్చింది. చర్చ సారాంశానికి అది పనికివస్తుంది. మొత్తం, పేరు, తేదీ మాత్రం మనిషే రాయాలని నిర్ణయించుకున్నాం.

మైక్రోసాఫ్ట్ వాడే కార్యాలయాల్లో టీమ్స్ మీటింగులకూ పత్రాలకూ ఇలాంటి లంకె వేయడానికి పవర్ ఆటోమేట్ అనేది ఉంది. 2016లో ఫ్లో అనే పేరుతో వచ్చి, 2019లో ఈ పేరు పెట్టుకుంది. జూమ్‌ను గూగుల్ పత్రాలతో కలపడానికి జాపియర్ వంటివి ఉన్నాయి. పేర్లు వేరైనా ట్రిగ్గరు సూత్రం ఒకటే. ఒకటి నేర్చుకుంటే మిగతావి సులభం.

ఒక హెచ్చరిక. డాక్‌నైనా షీటునైనా పంచుకునేటప్పుడు “లింకు ఉన్నవారెవరైనా” అనే సెట్టింగు పెట్టకండి. మీ పేర్లు, మార్కులు, బ్యాంకు ఖాతా వివరాలు వాట్సాప్ గుంపుల్లో తిరగకూడదు. ఫలానా మెయిళ్ళకే అనుమతి ఇవ్వండి. ఇంకొక సంగతి, డాక్‌లో ఎవరు ఏమి మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. లెడ్జరులో తప్పు రాస్తే చెరపకుండా, పైన గీత కొట్టి ఇనీషియల్ వేసేవాళ్ళం. ఇదీ అలాంటిదే.

విద్యార్థులారా, దీన్ని మీరూ వాడుకోవచ్చు. నలుగురు కలిసి పీయూసీ ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. వీడియోలో మాట్లాడుకున్నాక ఎవరి భాగం ఏది, ఏ తేదీకి అన్నది నాలుగు ప్రశ్నల ఫారంలో నింపండి. ఒకరు రాయండి, మరొకరు సరిచూడండి. కామర్సు చదివేవారికి ఇది ఆడిటింగు పాఠం కూడా.

తల్లిదండ్రులకు ఒక మనవి. దరఖాస్తులో మీరు రోజూ చూసే ఫోను నంబరు, పిల్లల మెయిలు ఇవ్వండి. ఫీజు ఆఖరు తేదీ తప్పక రాయండి. యంత్రం గుర్తు చేయాలంటే ఆ తేదీ దానికి తెలియాలి. గడువు దగ్గరపడినా మా నుంచి కబురు రాకపోతే మొగమాటపడకుండా ఫోను చేయండి. అడగడం మీ హక్కు.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. ఆ షీటులో “సరి” గడి పక్కన, ఫీజు కట్టిన రసీదు చేరిందా అని ఇంకొక గడి పెట్టమన్నది ఆమే. పెట్టాం. ఇప్పుడు ఆ రెండు గడుల్లోనూ టిక్కు పడితేనే పని ముగిసినట్టు.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి