పళ్లు కొరికేవారికి ఏ గార్డు మేలు?

ప్రశ్న: నిద్రలో పళ్లు పటపట కొరుకుతున్నానట. పొద్దున లేస్తే దవడ నొప్పి. మందుల షాపులో దొరికే నైట్ గార్డు చాలా?

జవాబు: ఒత్తిడి, సిగరెట్, మద్యం, పొద్దుపోయాక తాగే కాఫీ, కొన్ని డిప్రెషన్ మందులు ఈ కొరుకుడును పెంచుతాయి. గార్డు దాన్ని మాన్పించదు. అరుగుదలను తాను భరించి పళ్లను కాపాడుతుంది, అంతే. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అమర్చుకునే రకం చవకే గానీ, లావుగా ఉండి త్వరగా చిరుగుతుంది. మెత్తదనానికి కొందరు దాన్ని నమలడం కూడా మొదలుపెడతారు! కొరుకుడు గట్టిగా ఉంటే దంతవైద్యులు అచ్చు తీసి చేయించే గట్టి యాక్రిలిక్ గార్డే మేలు. అది తొడిగే వరుసలోని పళ్లన్నిటినీ కప్పాలి. కొన్నింటినే కప్పితే క్రమంగా పళ్ల అమరిక మారవచ్చు. గార్డును రోజూ చల్లటి నీటితో కడగాలి. గట్టిగా గురక, పగలంతా మత్తు ఉంటే గార్డు కంటే ముందు నిద్ర పరీక్ష అవసరం. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, పన్ను కదిలినా, విరిగినా ఆలస్యం లేకుండా దంతవైద్యులకు చూపించాలి.