మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడల్లో పేరు పొందినవారు రాజకీయాల్లో ప్రవేశించడం కొత్త విషయం కాదు. అయితే మైదానంలో సంపాదించిన కీర్తిని మాట దక్కని ప్రజల కోసం వినియోగించినవారు అరుదు. అటువంటి ఒక నాయకుని జీవితంలోని జయాపజయాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1928 మే 26వ తేదీన ఆమ్‌స్టర్‌డాం నగరంలో ఒలింపిక్ హాకీ తుది పోటీ జరిగింది. భారత జట్టు ఆతిథ్య దేశమైన హాలెండును 3-0 తేడాతో ఓడించి స్వర్ణపతకాన్ని గెలుచుకొన్నది. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఐదు ఆటలాడి 29 గోల్స్ చేసింది. ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ధ్యాన్‌చంద్ ప్రతిభ లోకానికి తెలిసింది ఆ పోటీలలోనే. హాకీలో భారతదేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. కాని ఆ జట్టుకు నాయకుడిగా ఎంపికైన యువకుడు ఆనాడు మైదానంలో లేడు. తుది పోటీకి ముందే ఆయన జట్టును విడిచి వెళ్ళాడు. అందుకు గల కారణాలను పలువురు పలువిధాలుగా చెప్పారు. ఆ యువకుడే జైపాల్ సింగ్ ముండా.

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న రాంచీ సమీపంలోని ఖూంటీ ప్రాంతానికి చెందిన టక్రా గ్రామంలో జన్మించాడు. ఆంగ్లేయుల పాలనపై ముండా జాతిని నడిపిన బిర్సా ముండా కారాగారంలో కన్నుమూసి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ పోరాటపు నేల మీదనే జైపాల్ బాల్యం గడిచింది. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో విద్యాభ్యాసం చేస్తున్నప్పుడు ఆయన చురుకుదనాన్ని గమనించిన ప్రధానోపాధ్యాయుడు ఆయనను ఇంగ్లండుకు తీసుకొనివెళ్ళాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో జైపాల్ అర్థశాస్త్రం చదివాడు. హాకీలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఆడి ప్రతిష్ఠాత్మకమైన 'ఆక్స్‌ఫర్డ్ బ్లూ' గౌరవాన్ని పొందాడు.

ఒలింపిక్ జట్టుకు నాయకత్వం వహించమన్న పిలుపు వచ్చేనాటికి ఆయన ఐ.సి.ఎస్.కు ఎంపికై శిక్షణలో ఉన్నాడు. ఆనాటి భారతీయ యువకునికి అంతకు మించిన ఉద్యోగం లేదు. సెలవు కోరగా అధికారులు నిరాకరించారు. అయినా ఆయన ఆమ్‌స్టర్‌డాం వెళ్ళాడు. తిరిగి వచ్చిన తరువాత శిక్షణను మరో ఏడాది పొడిగించాలన్నారని, అందుకు అంగీకరించక ఐ.సి.ఎస్.ను వదులుకొన్నానని ఆయన చెప్పుకొన్నాడు. ఆ తరువాత ఒక చమురు సంస్థలోను, ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో అధ్యాపకుడిగాను, రాయపూర్‌లోని రాజకుమార్ కళాశాలలోను, బికనీర్ సంస్థానంలోను పనిచేశాడు. ఇలా పదేళ్ళు గడిచాక స్వస్థలం ఆయనను వెనుకకు పిలిచింది.

ఛోటానాగ్‌పూర్ పీఠభూమి అడవులకు, ఖనిజాలకు నిలయం. ఆ సంపద మధ్య నివసించే ఆదివాసులు మాత్రం భూములు కోల్పోయి, వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కి, తేయాకు తోటలకు కూలీలుగా తరలిపోతుండేవారు. 1939లో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు జైపాల్ అధ్యక్షుడయ్యాడు. తమ ప్రాంతాన్ని బీహారు నుండి వేరుచేసి ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పాటు చేయాలని ఆ వేదికపై నుండి కోరాడు. దొరల భాషలో దొరలతో వాదించగల తమ బిడ్డను ఆదివాసులు 'మరంగ్ గోమ్కే' అని పిలుచుకొన్నారు. గొప్ప నాయకుడు అని దాని అర్థం.

1946లో ఆయన బీహారు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యాడు. ఆ ఏడాది డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానంపై చేసిన ప్రసంగం చిరస్మరణీయమైనది. తమను జనం 'జంగ్లీ' అని పిలుస్తారని, ఆ పేరుకు తాను గర్విస్తున్నానని ఆయన సభకు చెప్పాడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యాన్ని ఎవరూ నేర్పనక్కరలేదని, వారి వద్దనే ఇతరులు దానిని నేర్చుకోవాలని అన్నాడు. సభలో పురుషులే ఎక్కువగా ఉన్నారని, స్త్రీల సంఖ్య పెరగాలని కూడా కోరాడు. నిందగా వాడే మాటను బిరుదుగా ధరించడానికి ఎంతటి ఆత్మవిశ్వాసం ఉండాలో విద్యార్థులు ఆలోచించాలి.

1950లో ఏర్పడిన జార్ఖండ్ పార్టీలో ఆదివాసేతరులకు కూడా స్థానం కల్పించారు. 1952 ఎన్నికలలో ఆ పార్టీ బీహారు శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించిన తరువాత కేంద్రం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించింది. తెలుగువారి భవిష్యత్తును పరిశీలించిన ఆ సంఘమే జార్ఖండ్ కోరికను కూడా పరిశీలించింది. అక్కడ ఆదివాసులు అధిక సంఖ్యాకులు కారనీ, అందరినీ కలిపే ఒకే భాష లేదనీ పేర్కొంటూ 1955లో ఆ కోరికను తిరస్కరించింది.

ఆ తిరస్కారంతో ఉద్యమం క్రమంగా బలహీనపడింది. 1962లో పార్టీకి శాసనసభలో 20 స్థానాలే దక్కాయి. 1963లో జైపాల్ తన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేశాడు. అధికార పక్షంలో ఉంటే ప్రజలకు మేలు చేయవచ్చునని కొందరు సమర్థించారు. ఆట ముగియకముందే నాయకుడు మైదానం వీడాడని అనేకమంది అనుచరులు బాధపడ్డారు. విలీనంతో ప్రత్యేక రాష్ట్రం రాలేదు, ఉద్యమం మాత్రం చీలికలైంది. 1970 మార్చి 20న ఆయన మరణించేనాటికి జార్ఖండ్ కలగానే మిగిలింది.

ఆ కల 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు ఫలించింది. ఆయన తరువాతి తరాలవారు మూడు దశాబ్దాల పాటు ఉద్యమాన్ని కొనసాగించినందువల్లనే అది సాధ్యమైంది. ఆమ్‌స్టర్‌డాంలో జట్టును తీర్చిన నాయకుడు తుది పోటీలో లేడు. జార్ఖండ్ ఉద్యమాన్ని నిలబెట్టిన నాయకుడు రాష్ట్రావతరణ దినాన లేడు. మొదటిసారి తానే తప్పుకొన్నాడు. రెండవసారి కాలం తప్పించింది. ఆయన నిర్ణయాలలో పొరపాట్లు ఉండవచ్చు. వాటిని దాచకుండా చెప్పుకోవడమే న్యాయం. కాని ఆట ఆడదగినదేనని, అందులో తమకూ చోటుందని నమ్మకం లేని జనానికి ఆ నమ్మకాన్ని ఇచ్చినవాడు జైపాల్. గెలుపు చూసినవారితో పాటు, గెలుపునకు జట్టును కూర్చినవారిని కూడా గుర్తుంచుకోవడం మన ధర్మం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ వినిపించిన అభిప్రాయాలను వివరించండి.
2. 1963 నాటి విలీనం సరైనదేనా? పాఠం ఆధారంగా మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. జైపాల్ ఐ.సి.ఎస్.ను ఎందుకు వదులుకొన్నాడు?
2. పునర్వ్యవస్థీకరణ సంఘం జార్ఖండ్ కోరికను ఏ కారణాలతో తిరస్కరించింది?

సంధులు
ప్రధానోపాధ్యాయుడు = ప్రధాన + ఉపాధ్యాయుడు – గుణసంధి
విద్యాభ్యాసం = విద్యా + అభ్యాసం – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు
జయాపజయాలు – జయమును, అపజయమును – ద్వంద్వ సమాసం
రాష్ట్రావతరణ – రాష్ట్రము యొక్క అవతరణ – షష్ఠీ తత్పురుష సమాసం