తుపాను వచ్చినా ఆగని సర్వర్లు

ప్రశ్న: విశాఖ వన్ టౌన్‌లోని క్లియరింగ్ ఏజెన్సీకి సర్వర్ ఆఫీసులోనే ఉంది. తుపాను వస్తే పని ఆగకుండా ఏం చేయాలి?

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సర్వర్, బ్యాకప్ ఒకే భవనంలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. అందుకే డేటాకు మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి ఊరి బయట ఉండాలి. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. ఒకచోట పని నడిపి, రెండోచోట ప్రతి ఉంచవచ్చు.

డేటా ఒక్కటే చాలదు, సర్వర్ల అమరిక కూడా తిరిగి రావాలి. టెర్రాఫామ్ వంటి సాధనంతో సర్వర్లు, నెట్‌వర్క్, ఫైర్‌వాల్ నియమాలు ఫైళ్లుగా రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరుస్తారు. 'ప్లాన్' ఆదేశం ఏమేం మారతాయో ముందే చూపిస్తుంది. 'అప్లై' వాటిని నిర్మిస్తుంది. పాస్‌వర్డ్‌లు ఆ ఫైళ్లలో రాయకూడదు. టెర్రాఫామ్ తాను నిర్మించినవాటి వివరాలు దాచుకునే స్టేట్ ఫైలు ఆఫీసు కంప్యూటర్‌లో కాక క్లౌడ్ స్టోరేజీలో ఉండాలి.

రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదు. ఈ తీరానికి అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల బెడద ఎక్కువ. ఏటా సెప్టెంబరులోనే ఒకసారి రీస్టోర్ చేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసి పెట్టుకోవాలి.