పాత కంప్యూటర్లు: చట్టం ఎక్కడ ఫలించింది?

కిందటి వారం గరాజ్ సర్దుతుంటే మూడు లాప్‌టాప్‌లు, ఐదు సెల్‌ఫోన్లు, ఒక సంచెడు చార్జర్లు బయటపడ్డాయి. పారేద్దామంటే మా కాలిఫోర్నియాలో మామూలు చెత్తలో వెయ్యకూడదు. తీసుకెళ్ళి ఇచ్చేద్దామంటే శనివారాలు ఖాళీ దొరకదు. మీ ఇళ్ళలోనూ ఇదే కథ అనుకుంటాను. మరి ప్రభుత్వాలు ఇన్ని చట్టాలు చేశాయి కదా, వాటివల్ల ఏమైనా ఒరిగిందా? ఈసారి అది చూద్దాం.

ముందు, ఫలించిన చట్టం. యూరోపియన్ యూనియన్ వారి "రోస్" నిబంధన 2006 జులై 1న అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం, పాదరసం, కాడ్మియం వంటి ఆరు హానికర పదార్థాలకు హద్దు పెట్టింది. కొన్ని మినహాయింపులు పోగా, సీసం 0.1 శాతం మించకూడదు. అంతకు ముందు సర్క్యూట్ బోర్డులు అతికే టంకంలో సాధారణంగా 37 శాతం దాకా సీసం ఉండేది! యూరప్‌కి ఒక రకం బోర్డు, మిగతా దేశాలకి ఇంకో రకం చెయ్యటం గిట్టుబాటు కాక, చాలా కంపెనీలు అందరికీ ఒకటే చేశాయి. అలా అమెరికాలో మనం కొన్న కంప్యూటర్లలోనూ సీసం తగ్గింది. అందుకు మనం చేసింది ఏమీ లేదు.

ఇక రెండో వైపు. కాలిఫోర్నియా 2005 నుంచి మానిటర్ కొన్నప్పుడే రీసైక్లింగ్ రుసుము వసూలు చేస్తోంది. భారతదేశంలో ఈ-వ్యర్థాల నిబంధనలు 2012లో అమలయ్యాయి. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

తేడా ఎక్కడుంది? మన భాషలో చెప్పాలంటే, తప్పు డేటాని ఫారం దగ్గరే ఆపటం తేలిక, డేటాబేస్ నిండాక కడగటం కష్టం. రోస్ ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర కాపలా కాసింది. సేకరణ చట్టాలు నాలాంటి కోట్లమంది బద్ధకస్తుల మీద ఆధారపడ్డాయి.

ఇంతకీ ఇందులో మన పాత్ర కూడా ఉంది. నా మూడు లాప్‌టాప్‌లలో రెండు ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తాయి. అప్‌డేట్లు ఆగిపోయాయి కనుక మూలపడ్డాయి. అంటే వాటి ఆయువు తీసింది హార్డ్‌వేర్ కాదు, సాఫ్ట్‌వేర్! దీనికీ గుమ్మం దగ్గరే కాపలా మొదలైంది. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లకి, అమ్మకం ఆపిన తరువాత కూడా కనీసం 5 ఏళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. ఫలితం తేలటానికి ఇంకా సమయం పడుతుంది.

ఈలోగా మీ మీటింగులో ఎవరైనా "పాత వెర్షన్‌కి సపోర్ట్ తీసేద్దాం" అంటే, దానివల్ల ఎన్ని మెషిన్లు గరాజ్ పాలవుతాయో ఒక్కసారి అడగండి. నేను మాత్రం ఈ శనివారం ఆ సంచి కారులో పెడుతున్నాను.