తూర్యనాదము

చలనచిత్రము మొదలగుటకు ముందు తెరపై సంస్థ చిహ్నము కన్పట్టును. అప్పుడు వినవచ్చు వాద్యనాదమును మనము సామాన్యముగా లెక్కింపము. కుర్చీ వెదకుకొనుటలోనో, ప్రక్కవారితో మాటలాడుటలోనో ఆ క్షణములు గడచిపోవును. అట్టి నాదములలో నొకదానికి పెద్ద కథ కలదు.

అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున ఒక పేద కుటుంబముండెను. ఆ యింట 10 మంది సంతానము. వారిలో పెద్దవాడు ఆల్ఫ్రెడ్ న్యూమన్. పసితనముననే పియానో నేర్చి, బాల్యము గడువకముందే ఆ విద్యతో ఇంటివారిని పోషింపవలసినవాడయ్యెను. పిదప హాలీవుడ్ చేరి, చిత్రసంగీతమునకై 9 ఆస్కారు బహుమతులు పొందెను. తమ్ములు ఎమిల్, లయొనెల్ అన్న బాటనే నడచిరి. కుమారులు డేవిడ్, థామస్ కూడ సంగీతకర్తలే. ఒక తమ్ముడు వైద్యుడయ్యెను గాని, అతని కుమారుడు రాండీయు సంగీతమునే వరించెను!

1933లో ఆల్ఫ్రెడ్, ట్వెంటియెత్ సెంచురీ అను చిత్రసంస్థ కొరకు ఒక తూర్యనాదము కూర్చెను. డ్రమ్ముల మ్రోతతో మొదలై, ట్రంపెట్టులతో పైకెగయు నాదమది. 1935లో ఆ సంస్థ ఫాక్సు సంస్థతో కలిసిన తరువాతను అదియే నిలిచెను. 1950ల దశకమున వెడల్పైన సినిమాస్కోపు తెర వచ్చినపుడు న్యూమన్ దానిని మరికొంత పొడిగించెను. 1970లో ఆయన మరణించెను. ఆ దశకమున ఆ నాదము అరుదుగా మాత్రమే వినవచ్చుచుండెను.

1977లో జార్జి లూకాస్ 'స్టార్ వార్స్' అను చిత్రమును తీసెను. తన చిత్రమునకు ముందు న్యూమన్ నాదమే ఉండవలెనని ఆయన కోరెను. సంగీతకర్త జాన్ విలియమ్స్ ఒక డ్రమ్ము వాద్యకారుని కుమారుడు. ఆయన తన ప్రారంభ సంగీతమును న్యూమన్ నాదమున్న బి-ఫ్లాట్ శ్రుతిలోనే కూర్చెను. ఇందలి యుక్తిని గమనింపుడు. మొదట తూర్యనాదము మ్రోగి ఆగును. తెర నల్లబడి, నీలిరంగు అక్షరములు నిశ్శబ్దముగా కన్పట్టును. కాని శ్రుతి చెవిలో నిలిచియే యుండును. అంతట వాద్యబృందమంతయు ఒక్కపెట్టున అదే శ్రుతిలో ఘోషించును. గాయకుడు నోరు విప్పకముందే తంబురా సభవారి చెవులను సిద్ధపరచును గదా! తూర్యము తంబురావలె ఎడతెగక మ్రోగదు. అయినను ఇచ్చట చేసిన పని అట్టిదే.

1980లో రెండవ చిత్రమునకై విలియమ్స్ తూర్యనాదమును లండన్ సింఫనీ వాద్యబృందముచే మరల వాయింపించి ముద్రించెను. 1997లో ఆల్ఫ్రెడ్ కుమారుడు డేవిడ్, తండ్రి నాదమును తన నిర్వహణలో ఫాక్సు సంస్థకై తిరిగి వాయింపించెను. తండ్రి చనిపోవునప్పటికి ఆయన పదునైదేండ్ల బాలుడు.

ఈ మాలలోని 9 ప్రధాన చిత్రములకును విలియమ్స్ ప్రారంభ సంగీతమొక్కటే. 2005 వరకు వచ్చిన 6 చిత్రములకు ముందు తూర్యనాదము కలదు. 2012లో లూకాస్ సంస్థను డిస్నీ సంస్థ కొనెను. 2015 నాటి చిత్రమున ఆ నాదము లేదు. లూకాస్ సంస్థ పేరు నిశ్శబ్దముగా వచ్చి పోవును; నీలి అక్షరములును నిశ్శబ్దముగానే వచ్చును. 2019లో ఫాక్సు చిత్రసంస్థయు డిస్నీ చేతికి వచ్చెను. అయినను ఆ యేడు వచ్చిన తొమ్మిదవ చిత్రమునకును తూర్యము తిరిగి రాలేదు.

నిశ్శబ్దమునుండి పుట్టిన ఘోషయే మిక్కిలి ఉలికింపజేయునని కొందరందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. నాకు మాత్రము వాకిలి లేని యింట అడుగిడినట్లుండును. మీ యింట సంగీతము తెలిసినవారున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 1977 నాటి ఆరంభమును, 2015 నాటి ఆరంభమును వరుసగా వినుడు. రెండవదానిలో ఘోష పుట్టునప్పుడు వారి ముఖము చూడుడు.