శుద్ధజలము – పోయిన ఖనిజములు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణములలో నేడు ఇరువది లీటర్ల నీటి క్యాను కనబడని వీధి అరుదు. కొంచెము స్తోమత గల ఇండ్లలో గోడకు ఆర్.ఓ. యంత్రమే వ్రేలాడుచున్నది. ఈ నీటిని త్రాగువారిని ఒక సందేహము బాధించుచున్నది: మలినములతో పాటు శరీరమునకు కావలసిన ఖనిజ లవణములు గూడ పోవుచున్నవి గదా, వానిని తిరిగి పొందుట ఎట్లు?

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. క్యాండిల్ ఫిల్టరు మట్టిని వడగట్టును. అతినీలలోహిత కిరణములు క్రిములను చంపును. మరగించుట వలనను క్రిములే చచ్చును. ఈ పద్ధతులలో కరిగియున్న లవణములు చాలవరకు అట్లే నిలుచును. ఆర్.ఓ. పొర మాత్రము నూటికి తొంబది పాళ్లకు పైగా లవణములను తొలగించును. లీటరుకు 700 మిల్లీగ్రాముల లవణములు గల బోరు నీరు ఈ పొరను దాటిన పిమ్మట 50, 60కి దిగిపోవును. రుచి చప్పబడుటకు కారణ మిదియే.

అయినచో ఆర్.ఓ.ను మానివేయుదమా? మన ప్రాంతమున సమాధాన మంత సులభము కాదు. గ్రానైటు శిలల నడుమ ఊరెడి నీటిలో ఫ్లోరైడు కలియును. తెలుగునాట ఈ రోగము క్రొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో దీనిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. జనగామకు పొరుగుననున్న నల్గొండ బాధ లోకవిదితము. అచ్చట మోకాళ్లు లోపలికి వంగి ఒరసుకొను పిల్లలను పరిశీలించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. కాల్షియము చాలని ఆహారము తినువారికి ఫ్లోరైడు హాని అధికమగునని ఆ పిమ్మటి పరిశోధనలు గూడ సూచించినవి. అనగా మన ప్రశ్నకు రెండు కొసలు గలవు: ఫ్లోరైడు పోవలెను, కాల్షియము రావలెను.

కంపెనీలవారు ఇందుకు రెండు మార్గములు చూపుదురు. మొదటిది ఖనిజపు గొట్టము: సున్నపురాతి ముక్కల మీదుగా శుద్ధజలమును ప్రవహింపజేసిన, కొంత కాల్షియము కరిగి నీటిలో చేరును. ఇది నిరపాయకరము. రెండవది, యంత్రమునకుగల ఒక మరను త్రిప్పి కొంత ముడినీటిని శుద్ధజలములో కలుపుట. ప్రమాద మంతయు ఇందే కలదు. ముడినీటిలో లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడు, వడపోసినదానిలో 0.4 మి.గ్రా. ఉన్నదనుకొందము. రెండు పాళ్ల శుద్ధజలమునకు ఒక పాలు ముడినీరు కలిపిన, లీటరుకు 1.6 మి.గ్రా. తేలును. భారత ప్రమాణము ప్రకారము 1 మి.గ్రా. వరకు మేలు, వేరు ఆధారము లేనిచో 1.5 గరిష్ఠ పరిమితి. రుచి కొరకు త్రిప్పిన మర రోగమును తిరిగి ఇంటికి తెచ్చినదన్నమాట!

ఇక లెక్క చూతము. పెద్దలకు దినమునకు 1,000 మి.గ్రా. కాల్షియము కావలెనని పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. గొట్టము వలన లీటరుకు 30 మి.గ్రా. చేరినను, మూడు లీటర్లకు 90 మాత్రమే. లీటరుకు 100 మి.గ్రా. కాల్షియము గల బోరు నీటిని విడిచినవారికి దినమునకు 300 మి.గ్రా. లోటు పడును. పావు లీటరు పాలు లేక పెరుగు ఈ లోటును పూడ్చును. నూరు గ్రాముల రాగులును ఇంచుమించు అంతే. పొట్టుతీయని నువ్వులు పాతిక గ్రాములలో అంత కాల్షియము గలదు గాని, అందలి ఆక్సలేటు వలన అంతయు ఒంటబట్టదు. సంక్రాంతి సకినాలలో నువ్వులు చల్లిన మన పెద్దలు ఈ లెక్క వేసి చేసిరని నేననను. తినుటకు అది అడ్డుగాదు. మెగ్నీషియము పప్పులలోను, ఆకుకూరలలోను, జొన్నలలోను లభించును. జింకు, రాగి వంటి సూక్ష్మ ఖనిజములకు నీటికన్న ఆహారమే ముఖ్యాధారము. శుద్ధజలముతో వండిన అన్నమును గంజి వార్చక అత్తెసరుగా వండుట మంచిది. వార్చిన గంజితో ఖనిజములును పోవును.

నీటిలో చిటికెడు గులాబీ ఉప్పు వేయుమను సలహా నేడు బాగుగ ప్రచారములో ఉన్నది. అందు నూటికి తొంబదియేడు పాళ్లకు పైగా సాధారణ లవణమే. రక్తపుపోటు గలవారికి అది కీడు. పైగా అయోడిన్ కలిపిన ఉప్పును మాని దీనిని వాడువారు మరియొక ఖనిజమును పోగొట్టుకొందురు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకపు నీరు గోదావరి, కృష్ణా జలములనుండి వచ్చునది. అట్టి నీరు సక్రమముగ అందు ఇండ్లలో ఆర్.ఓ. అనవసరము. లవణములు లీటరుకు 500 మి.గ్రా.కు లోబడిన చోట్ల ఈ యంత్రములను నిషేధింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో ఆదేశించియున్నది. నీటి వృథా అందుకొక కారణము. యంత్రము విడుచు వ్యర్థజలములో ఫ్లోరైడు మరింత చిక్కబడియుండును. దానిని పశువులకు పోయరాదు.

అమ్మకపువారు చూపు కలము వంటి పరికరము మొత్తము లవణములనే తెలుపును, ఫ్లోరైడును విడిగ చెప్పదు. ఫ్లోరైడు పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు నమూనా పంపవలెను. కాఠిన్యమును మాత్రము మన రసాయనశాలలోనే తెలిసికొనవచ్చును. 50 మిల్లీలీటర్ల నీటికి బఫరు ద్రావణమును, ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచికను చేర్చి, 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. ద్రావణమును బ్యూరెట్టునుండి చుక్కచుక్కగ వదలవలెను. ద్రాక్షారంగు పోయి నీలిరంగు వచ్చుసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టినదో దానిని 20తో గుణించిన, లీటరుకు కాఠిన్యము మిల్లీగ్రాములలో వచ్చును. తమ ఇంటి బోరు నీరొక సీసాలోను, ఆర్.ఓ. నీరొక సీసాలోను తెచ్చి రెండింటిని పరీక్షించిన విద్యార్థికి, పోయిన దెంతయో అంకెలలో కనబడును.